పట్టుకొనే చేతికి పట్టు ఏది?

(సూరత్‌లో పనిచేయుచున్న తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



కరవు భత్యమును గురించియు, ఖాళీల భర్తీని గురించియు తరువాతి వక్తలు మాటలాడనున్నారు. అంతకు ముందు మనకు దూరమని తోచు ఒక వృత్తిని గురించి చెప్పదలచినాము. కళాశాలలలో జిమ్నాస్టిక్స్ నేర్పు సహాయక శిక్షకుని వృత్తి అది.

రైలు పెట్టెలకును, తపాలా సంచులకును దీనితో ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధము రెండు విధములుగా ఉన్నది. మొదటిది, క్వార్టర్సులలో పెరిగి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానములలో ఆడిన మన పిల్లలు కొందరు ఈ దారి పట్టగోరుచున్నారు. "ఆ ఉద్యోగములో అన్నము ఉన్నదా?" అని తల్లిదండ్రులు మమ్ములను అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పవలసిన బాధ్యత సంఘముపై ఉన్నది. రెండవది, ఈ వృత్తిలో ఇటీవల జరిగిన పోరాటములను చూచినచో, అవి మన శాఖల చరిత్రలో మనము చూచినవే. దేశము వేరు, పని వేరు. యజమాని చెప్పు మాట మాత్రము ఒక్కటే.

ముందుగా ఆ పని ఎట్టిదో తెలిసికొందము.

జిమ్నాస్టిక్స్‌లో మహిళలకు నాలుగు అంశములు, పురుషులకు ఆరు అంశములు ఉండును. మహిళల అంశములలో బీమ్ అనునది ఒకటి. అయిదు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల దూలము అది. నేలనుండి దాని ఎత్తు 125 సెంటీమీటర్లు. అరచేతి వెడల్పుకంటె ఎంతో ఎక్కువ కాని ఆ దూలముపై విద్యార్థిని వెనుకకు మొగ్గ వేయును. ఆమె ప్రక్కన చేతులు చాచి నిలుచువాడు సహాయక శిక్షకుడు. దీనిని ఆ వృత్తిలో 'స్పాటింగ్' అందురు. త్వరపడి పట్టుకొన్నచో విద్యార్థినికి విద్య అబ్బదు. ఆలస్యమైనచో ఆమె మెడకే ప్రమాదము. ఎప్పుడు పట్టుకొనవలెను, ఎప్పుడు చేయి వెనుకకు తీయవలెను అనునది పుస్తకము చదివి నేర్చుకొను విషయము కాదు. ఏండ్ల తరబడి వేల సార్లు ప్రక్కన నిలిచినవానికే అది వచ్చును.

ఇది పనిలో ఒక భాగము మాత్రమే. అందరికంటె ముందు వచ్చి మ్యాట్లు పరచువాడు అతడే. వాల్టింగ్ టేబుల్ మహిళలకు 125 సెంటీమీటర్లు, పురుషులకు 135 సెంటీమీటర్లు ఎత్తున ఉండవలెను. దానిని కొలిచి సరిచూచువాడు అతడే. కడ్డీలను నిలిపి ఉంచు తీగల బిగింపు చూడవలెను. స్ప్రింగ్ బోర్డును ఆయా విద్యార్థి పరుగునకు తగినట్లు ముందుకో వెనుకకో జరుపవలెను. ఎవరి మోకాలు వాచినది, ఎవరు రాత్రి నిద్రపోలేదు, ఎవరు భయపడుచున్నారు అనునది ముఖము చూచి గ్రహింపవలెను. సాయంత్రము అందరు వెళ్లిన తరువాత సామగ్రి సర్దవలెను. ఏండ్లు గడచుకొలది అతని భుజములు, నడుము, మణికట్లు అరిగిపోవును. పతకము వచ్చిననాడు ఛాయాచిత్రములో క్రీడాకారిణి ఉండును, ప్రధాన శిక్షకుడు ఉండును, సంస్థ అధ్యక్షుడు తప్పక ఉండును. సహాయకుడు అప్పటికి మ్యాట్లు మడుచుచుండును.

మన సూరత్‌లో ఇట్టి శ్రమ మనకు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి ఇచ్చటి మరమగ్గములపై బ్రతుకుచున్న మన పద్మశాలీ సోదరులను అడుగుడు. చీర అంచు చూచి మెచ్చుకొనువారు కండెలు చుట్టిన చేతిని తలవరు. మన శాఖలోనే చూడుడు. బండి వేళకు చేరినదని సంతోషించు ప్రయాణికునకు పాయింట్స్‌మన్ పేరు తెలియదు.

భారతదేశమున ఈ క్రీడ చరిత్ర క్లుప్తముగా చెప్పెదము. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు మన దేశము నుండి ఇద్దరు జిమ్నాస్టులు వెళ్లినారు. 1956లో మెల్‌బోర్న్‌కు ముగ్గురు, 1964లో టోక్యోకు ఆరుగురు వెళ్లినారు. తరువాత 52 సంవత్సరముల పాటు ఒక్కరును వెళ్లలేదు. 2016లో రియో డి జనీరోకు త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ వెళ్లినది. ఆగస్టు 14న జరిగిన వాల్ట్ తుది పోటీలో 15.066 అంకములు పొంది నాలుగవ స్థానమున నిలిచినది. 0.150 అంకముల తేడాలో కాంస్య పతకము చేజారినది.

ఆమె వెనుక నిలిచినవారిని చూడుడు. ఆరేండ్ల ప్రాయమున ఆమె అగర్తలాలో సోమా నంది, బిశ్వేశ్వర్ నంది దంపతుల వద్ద చేరినది. చదును పాదములు గల బాలిక ఈ క్రీడకు తగదని సాధారణముగా అనుకొందురు. వారు ఆమె పాదములకు వంపు వచ్చుటకే ఏండ్ల తరబడి శ్రమించినారు. సామగ్రి లేనిచోట పాత స్కూటరు భాగములతో వాల్ట్ సాధనము కట్టుకొన్నామని బిశ్వేశ్వర్ నంది చెప్పియున్నారు. 2016లో ఆయనకు ద్రోణాచార్య పురస్కారము లభించినది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే 1985లో ప్రారంభమైన ఆ పురస్కారము ఏటా లభించునది కొద్దిమందికే. దేశమంతట వ్యాయామశాలలలో పనిచేయు మిగిలినవారికి పురస్కారము కాదు, నెల జీతము కావలెను.

మన తెలుగునాట హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణా రెడ్డి 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్పు పోటీలో వాల్ట్ అంశమున 13.649 అంకములతో కాంస్య పతకము గెలిచినది. ప్రపంచ కప్పు జిమ్నాస్టిక్స్‌లో భారతదేశమునకు వచ్చిన తొలి వ్యక్తిగత పతకము అది. ఆ విజయకాలమున ఆమె శిక్షకుడు బ్రిజ్ కిషోర్. అంతకు ముందు లాల్ బహదూర్ స్టేడియములో స్వర్ణలత, గిరిరాజ్ వంటి వారి చేతులలో ఆమె విద్య రూపు దిద్దుకొన్నది. ఒక్క పతకమునకు ఎన్ని చేతులు కావలెనో ఇందువలన తెలియును. తొలి చేతుల పేరు చివరి వార్తలో అరుదుగా కానవచ్చును.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఈ సహాయకులకు జీతము ఎంత? ఎవరు నిర్ణయింతురు?

కళాశాల జిమ్నాస్టిక్స్ మిక్కిలి ధనవంతమైన వ్యవస్థగా వెలసిన దేశము అమెరికా. అచ్చట విశ్వవిద్యాలయముల మధ్య పోటీలు జనవరి నుండి ఏప్రిల్ వరకు జరుగును. ఒక్కొక్క అంశమున ఒక్కొక్క జట్టు నుండి ఆరుగురు పాల్గొందురు. వారిలో అయిదుగురి అంకములు లెక్కకు వచ్చును. వేలాది ప్రేక్షకులు టిక్కెట్లు కొని చూతురు. ఈ వ్యవస్థకు నియమములు చేయునది ఎన్.సి.ఎ.ఎ. అను జాతీయ సంస్థ. అట్టి సంపన్న వ్యవస్థలో సహాయక శిక్షకులకు హాయిగా గడచుచుండునని మనము తలపవచ్చును. జరిగినది వినుడు.

1992లో ఆ సంస్థ ఒక నియమమును అమలులోనికి తెచ్చినది. అమెరికన్ ఫుట్‌బాల్ మినహా మిగిలిన క్రీడలలో 'పరిమిత సంపాదన శిక్షకుడు' అను ఒక వర్గమును సృష్టించినది. ఆ వర్గమువాడు విద్యా సంవత్సరములో 12,000 డాలర్లకు, వేసవిలో 4,000 డాలర్లకు మించి పొందరాదు. ఎంత అనుభవమున్నను, ఏ విశ్వవిద్యాలయము ఎక్కువ ఇయ్యగోరినను అంతకు మించరాదు. ఖర్చు తగ్గించుటకును, కొత్తవారికి అవకాశము కల్పించుటకును ఈ నియమమని సంస్థ వాదించినది. శిక్షకులు న్యాయస్థానమునకు వెళ్లినారు. యజమానులందరు కూడబలుకుకొని జీతమునకు కప్పు వేయుట పోటీ చట్టమునకు విరుద్ధమని 1995లో జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1998లో అప్పీలు న్యాయస్థానము దానిని సమర్థించినది. ఆ పదవులు కొత్తవారికే దక్కునను హామీ నియమములో ఎచ్చటను లేదని ఎత్తిచూపినది. 1999లో సంస్థ 5 కోట్ల 45 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది.

అంతటితో కథ ముగిసినదా? లేదు. 'పరిమిత సంపాదన' పోయినది కాని, 'వాలంటీరు సహాయక శిక్షకుడు' అను మరియొక పేరు నిలిచినది. జట్టునకు జీతమిచ్చు శిక్షకుల సంఖ్యకు పరిమితి ఉండెను. ఆపైన ఒకరిని తీసికొనవచ్చును, కాని వారికి జీతము ఇయ్యరాదు. ఇయ్యలేకపోవుట కాదు సోదరులారా, ఇయ్యదలచిన విశ్వవిద్యాలయమును కూడ నియమము అడ్డగించినది. జిమ్నాస్టిక్స్ వంటి క్రీడలలో ఈ వాలంటీరు మిగిలిన శిక్షకులతో సమానముగా స్పాటింగ్ చేసినాడు, సంగీతమునకు తగిన కదలికలు కూర్చినాడు, పోటీలకు వెంట ప్రయాణించినాడు. వేసవి శిబిరములలో పాఠములు చెప్పి కూడు సంపాదించుకొన్నాడు.

2022 నవంబరులో బేస్‌బాల్ శిక్షకులు మొదట వ్యాజ్యము వేసినారు. ఇతర క్రీడల శిక్షకులు 2023లో మరియొకటి వేసినారు. వ్యాజ్యములు నడచుచుండగనే 2023 జూలై 1 నుండి ఆ సంస్థ వాలంటీరు వర్గమును రద్దు చేసి, ఆ స్థానమున జీతము ఇచ్చుటకు అనుమతించినది. 2025లో బేస్‌బాల్ శిక్షకులకు 4 కోట్ల 90 లక్షల డాలర్లకు పైగాను, ఇతర క్రీడల శిక్షకులకు 30 కోట్ల 30 లక్షల డాలర్లును చెల్లించు ఒప్పందములు కుదిరినవి. రెండవదాని వలన లబ్ధి పొందువారు ఏడు వేలకు పైబడి ఉన్నారు.

దీనిలో మనము గ్రహింపవలసినది ఏమి? ఆ శిక్షకులు చేసిన పని ఒక్కనాడును మారలేదు. 1992లో ఏ మ్యాట్లు పరచినారో, 2023లోను అవే పరచినారు. మారినది పేరు. పేరు మారినపుడెల్ల జీతము మారినది. యజమాని ఒక పదవికి పెట్టు పేరులో మన హక్కుల లెక్క దాగియుండును.

మనకు ఇది తెలియని సంగతియా? తపాలా సోదరులు చెప్పగలరు. 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు' అను పేరు ఎంత కాలము మన గ్రామీణ సోదరుల కడుపు కొట్టినది! ఊరిలో ఉత్తరము పంచుట, మనియార్డరు చెల్లించుట, పొదుపు ఖాతా చూచుట శాఖాపరమైన పనియే. చేయువాడు మాత్రము శాఖకు 'వెలుపలివాడు'. వారిది ప్రభుత్వ సివిల్ పదవియే అని 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో చెప్పినది. నేడు వారిని గ్రామీణ్ డాక్ సేవక్ అనుచున్నాము. పేరు మారినది; పూర్తి శాఖోద్యోగి హోదా కొరకు వారి కోరిక నేటికిని నిలిచియున్నది. రైల్వే సోదరులు 'క్యాజువల్ లేబర్' అను పేరును మరువలేరు. నిర్మాణ పనులలో ఏండ్లు గడపినవారికి తాత్కాలిక హోదా కల్పించు పథకము 1985లో ఇంద్రపాల్ యాదవ్ కేసు తరువాతనే రూపు దాల్చినది. రాళ్లు మోసిన భుజము పనివేళ క్యాజువల్‌గా మోయలేదు.

ఇప్పుడు మనమున్న గుజరాత్ రాష్ట్రమునే చూతము. వ్యాయామమునకు ఈ రాష్ట్రమున మంచి సంప్రదాయము ఉన్నది. వడోదరలోని జుమ్మాదాదా వ్యాయామ మందిరము దేశప్రసిద్ధము. మన సూరత్ బిడ్డలు హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ టేబుల్ టెన్నిస్‌లో దేశమునకు ప్రాతినిధ్యము వహించినారు. 2022 జాతీయ క్రీడలకు ఈ రాష్ట్రము ఆతిథ్యమిచ్చినది. టేబుల్ టెన్నిస్ పోటీలు ఈ నగరముననే జరిగినవి. మైదానములు వచ్చినవి, భవనములు వచ్చినవి. నేర్పువారి సంగతి ఏమి?

పాఠశాలలలో 'ఖేల్ సహాయక్' అను పేరుతో పదకొండు నెలల ఒప్పందముపై, నెలకు 21,000 రూపాయల గౌరవ వేతనముపై వ్యాయామ శిక్షకులను నియమించినారు. పన్నెండవ నెల ఏమైనదో రైల్వే సోదరులకు మేము చెప్పనక్కరలేదు. సేవ అఖండమని చెప్పుకొనుటకు వీలు లేకుండ వేయు గండి అది. 2025 మార్చి, ఏప్రిల్ నెలలలో ఈ శిక్షకులు గాంధీనగర్‌లో చేరి, ఒప్పందము వలదు, శాశ్వత నియామకము కావలెనని ఆందోళన చేసినారు.

కళాశాలల విషయమున అదే సంవత్సరము ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికి ఉపయోగపడునది. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలలో ఒప్పందముపై పనిచేయు సహాయ ఆచార్యులు నెలకు 30,000 రూపాయలు పొందుచుండిరి. అదే తరగతి గదిలో, అదే పాఠము చెప్పు శాశ్వత ఉద్యోగికి లక్షకు పైగా వచ్చుచుండెను. సమాన పనికి సమాన వేతనము అను సూత్రముపై, ఆ పదవి వేతన శ్రేణిలోని కనీస మొత్తమును వారికి చెల్లింపవలెనని, బకాయిలు 8 శాతము వడ్డీతో ఇయ్యవలెనని న్యాయస్థానము ఆదేశించినది. గురువును త్రిమూర్తులతో పోల్చు శ్లోకమును సభలలో చదివినంత మాత్రమున చాలదని, ఆ గౌరవము జీతములో కనబడవలెనని న్యాయమూర్తులు అభిప్రాయపడినారు. ఈ తీర్పు ఆచార్యులకు సంబంధించినది. ఆటల శిక్షకులకు దానంతట అది వర్తింపదు. అయినను దారి ఎటు ఉన్నదో చూపినది. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగుల విషయమున చెప్పిన సూత్రమే ఇచ్చటను బలపడినది.

ఎదుటివారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. "జిమ్నాస్టిక్స్ వలన కళాశాలకు ఆదాయము లేదు; ఉన్న కొద్ది నిధితో శిక్షకుని ఉంచుటయే గొప్ప. పూర్తి జీతము అడిగినచో ఆ పదవియే ఎత్తివేయుదురు" అని వారందురు. ఈ భయము వట్టిది కాదు. చిన్న కళాశాలలలో అట్లు జరుగవచ్చును. అయితే మేము ఒకటి అడుగుచున్నాము. మ్యాట్లు అమ్మువాడు ఆటపై ప్రేమతో వాటిని ఉచితముగా ఇచ్చుచున్నాడా? విద్యుచ్ఛక్తి బిల్లు గౌరవ వేతనముగా చెల్లించుచున్నారా? అన్నిటికి వెల ఉన్నచోట పట్టుకొనే చేతికి మాత్రమే వెల లేదనుట న్యాయము కాదు. ఆ చేయి అలసియున్ననాడు, మరియొకచోట సాయంకాలపు పాఠము చెప్పుటకు త్వరపడుచున్ననాడు ప్రమాదము ఎవరికి? బీమ్‌పై నిలిచిన మన బిడ్డకు. చాలినంత విశ్రాంతి లేని డ్రైవరు చేతిలో బండి పెట్టరాదని మనము ఎందుకు వాదింతుమో, ఇదియు అందుకే.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానము. ఈ వృత్తికి వెళ్లవలదని మేము చెప్పము. కన్ను తెరచి వెళ్లవలెనని చెప్పుచున్నాము.

మొదట, చదువు. పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చు శిక్షణ డిప్లొమాకు దేశమంతట విలువ ఉన్నది. ఆటలో నేర్పు ఉన్నంత మాత్రమున చాలదు. ఆ పత్రము లేనివానిని ముందుగా తొలగింతురు. వ్యాయామ విద్యలో స్నాతకోత్తర పట్టమును, నెట్ పరీక్షయు పూర్తిచేసినచో కళాశాల వ్యాయామ విద్యా సంచాలకుని పదవికి అర్హత వచ్చును. దానికి యు.జి.సి. వేతన శ్రేణి ఉన్నది. ఏడవ వేతన సంఘము ప్రకారము ప్రారంభ మూలవేతనము 57,700 రూపాయలు. సహాయకునిగా మొదలిడినవాడు ఆ మెట్టు మీద దృష్టి ఉంచవలెను.

రెండవది, క్రీడాకారుల కోటా. కేంద్ర ప్రభుత్వ శాఖలలో ప్రత్యక్ష నియామకములలో 5 శాతము వరకు క్రీడాకారులను తీసికొనవచ్చును. గుర్తింపు పొందిన క్రీడలలో జిమ్నాస్టిక్స్ ఉన్నది. రైల్వేలలో 1928 నుండి క్రీడా ప్రోత్సాహక మండలి పనిచేయుచున్నది. ఆడగలిగిన వయసులోనే స్థిరమైన ఉద్యోగము సంపాదించి, తరువాత శిక్షణ వైపు మరలుట కుటుంబమునకు క్షేమకరము.

మూడవది, కాగితము. నియామకపు ఉత్తరువు వ్రాతపూర్వకముగా లేనిదే పనిలో చేరరాదు. అందులో పదవి పేరు, గంటలు, జీతము, సెలవు, పోటీలకు ప్రయాణ భత్యము ఉన్నవా చూడవలెను. పనిలో దెబ్బ తగిలినచో వైద్యము ఎవరు చేయింతురు, పరిహారము ఎవరు ఇత్తురు అని చేరుటకు ముందే అడుగవలెను. ఇది దెబ్బలు తగులు వృత్తి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా సంహిత ప్రకారము, నిర్ణీత కాల ఉద్యోగికి ఒక సంవత్సరము సేవకే గ్రాట్యుటీ హక్కు కలుగును. 'గౌరవ వేతనము' అను మాట వ్రాసి ఈ హక్కును తప్పింపజూచువారు ఉందురు గనుక, ఒప్పందపు మాటలను తెలిసినవారికి చూపి సంతకము చేయవలెను. చూపుటకు మన సంఘ కార్యాలయము తలుపు తెరచియే ఉన్నది.

నాలుగవది, ఒంటరిగా ఉండరాదు. అమెరికాలో ఒక్కొక్క శిక్షకుడు ఒక్కొక్క విశ్వవిద్యాలయములో ఒంటరిగా ఉన్నంత కాలము, ఇది నా ఒక్కని గతి అనుకొన్నాడు. లెక్క చూచినపుడు వారు వేలమంది ఉండిరి. గాంధీనగర్‌లో చేరినవారును అట్లే ఒకరినొకరు కనుగొన్నారు. మీ బిడ్డల పాఠశాలలో, కళాశాలలో ఒప్పందముపై పనిచేయు శిక్షకులు ఎవరో తెలిసికొనుడు. వారి జీతము నెలనెల అందుచున్నదా అని అడుగుడు. వారి సభ ఉన్ననాడు మన పతాకముతో నలుగురు వెళ్లి వెనుక వరుసలో కూర్చున్నను వారికి బలము కలుగును. రేపు ఆ ఉద్యోగములో చేరునది మన యింటి పిల్లయే కావచ్చును.

ఇప్పుడు కరవు భత్యపు బకాయిలను గురించి శాఖా కార్యదర్శి మాటలాడుదురు. శ్రద్ధతో వినవలసినదిగా కోరుచు విరమించుచున్నాము.